పంతులు వెళ్ళిపోయిన బడి

1887లో మద్రాసుకు దక్షిణాన, పాత కోట ఉన్న చెంగల్పట్టు ఊళ్ళో ఒక బడి తెరిచారు. ఆ బడికి పిల్లల్ని పంపింది తల్లిదండ్రులు కారు, మేజిస్ట్రేట్లు. అంతకుముందు చిల్లర దొంగతనంలో పట్టుబడిన కుర్రాడికి సర్కారు చూపించిన దారులు రెండే. ఒకటి పెద్దవాళ్ళుండే జైలు. రెండోది బెత్తం. 1864 నాటి కొరడా దెబ్బల చట్టం పిల్లల విషయంలో మరీ ఉదారంగా ఉండేది. ఉరి పడే నేరం కాకపోతే చాలు, దేనికైనా శిక్షకు బదులు వీపు చిట్లగొట్టి ఇంటికి పంపేయొచ్చు. జైల్లో వేస్తే ముదిరిన దొంగ అవుతాడు, కొట్టి పంపితే మళ్ళీ వస్తాడు అని తెలిసొచ్చాక 1876లో సంస్కరణ పాఠశాలల చట్టం చేశారు. నేరం చేసిన పిల్లవాడికి కావలసింది చదువు, చేతిపని అని దొరలు కాగితం మీద ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలుకు మన ప్రెసిడెన్సీలో కట్టిన ఇల్లు చెంగల్పట్టు బడి.

ఈ గాథ ఆ ఒప్పుకోలుది. అది పుట్టి, ఎదిగి, కొన్నాళ్ళు వెలిగి, పేర్లు మార్చుకుంటూ పడిపోయింది. ఏ ఒక్క రోజునో కూలి ఉంటే ఎవరో ఒకరు అయ్యో అనేవారు. నూట ముప్ఫై అయిదేళ్ళు పట్టింది కాబట్టి ఎవరూ ఏడవలేదు.

ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని మా వజ్రపుకొత్తూరు అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది, గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో. చట్టం రాసినవాడి పటంలో నువ్వలరేవు కుర్రాడికీ, మంచినీళ్ళపేట కుర్రాడికీ, టెక్కలి సంతలో చెయ్యి పెట్టి దొరికినవాడికీ గమ్యం ఒకటే. ఇక్కణ్ణుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం. 1887లో ఈ తీరానికి రైలు లేదు. ఈస్ట్ కోస్ట్ రైలు దారి పలాస మీదుగా పడింది ఆ తరవాత దశాబ్దంలో. గుంటడు ఊరు దాటి వెళ్ళాడంటే తల్లి చూసి రావడానికి దారి ఉండేది కాదు, ఉన్నా డబ్బు ఉండేది కాదు. ఉత్తరం రాద్దామంటే రాయడం ఆవిడకు రాదు, రాసినా చదివి వినిపించడానికి అక్కడ తెలుగువాడెవరో దొరకాలి. ఎందుకంటే ఆ ఊరు అరవ ఊరు.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇదే గంజాం జిల్లాలో, పర్లాకిమిడి రాజావారి బడిలో, గిడుగు వెంకట రామమూర్తి అనే కుర్ర పంతులు పనిచేస్తున్నాడు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టాడు. 1880 నుంచీ పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్నాడు. కొండల మీది సవర పిల్లలకు చదువు లేదని చూసి, ముందు తానే సవర భాష నేర్చుకున్నాడు. ఆ తరవాత ఆ భాషలోనే వాచకాలు రాశాడు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, పంతుళ్ళకు జీతాలు తానే ఇచ్చాడు. పిల్లవాడి దగ్గరికి పంతులు నడిచి వెళ్ళడం ఆ పద్ధతి. చెంగల్పట్టు పద్ధతి వేరు. అక్కడ పిల్లవాణ్ణి అతని ఊరినుంచి, మాటనుంచి, అమ్మ వండే అంబలినుంచి వేరుచేస్తేగాని చదువు మొదలుకాదు. రెండూ ఒకే ప్రెసిడెన్సీలో, ఒకే కాలంలో నడిచాయి. గిడుగువారి పేరు మిగిలింది. చెంగల్పట్టులో పలక పట్టుకున్న గంజాం కుర్రాడి పేరు ఏ పుస్తకంలోనూ మిగలలేదు.

అయితే ఆ బడిని ఊరికే తిట్టి వదిలేయలేం. 1897లో పాత చట్టాన్ని తిరగరాశారు. పదిహేనేళ్ళ లోపు మగపిల్లల్ని మూడేళ్ళకు తక్కువ కాకుండా, ఏడేళ్ళకు మించకుండా ఉంచాలి. పద్దెనిమిది నిండాక ఒక్క రోజు కూడా ఉంచకూడదు. చెంబు దొంగతనానికి ఏడేళ్ళా అని ఇవాళ మనకు కడుపు మండుతుంది. మండాల్సిందే. ఆ ఏళ్ళలో తల్లి మొహం చూడని పిల్లలున్నారు. కానీ ఏళ్ళ తరబడి ఉంచుతున్నారు కాబట్టి చదువు చెప్పక తప్పింది కాదు. ఉదయం అక్షరాలు, లెక్కలు. తరవాత వడ్రంగమో, కమ్మరమో, నేతో, కుట్టుపనో, తోటపనో. మూడేళ్ళు రందా పట్టిన చెయ్యి బయటికి వచ్చాక ఏదో ఒక పనికి ఆనుతుంది.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దం ముగిసే వేళకు ఈ బళ్ళను జైళ్ళ శాఖనుంచి తప్పించి విద్యాశాఖకు అప్పగించారు. మామూలు బళ్ళను తనిఖీ చేసే శాఖే వీటినీ చూసింది. దేశంలో విద్య ఎంతవరకు వచ్చిందో అయిదేళ్ళకోసారి సర్కారు వేసే నివేదికల్లో హైస్కూళ్ళ పక్కన, ట్రైనింగు స్కూళ్ళ పక్కన ఈ బళ్ళకూ చోటు దొరికింది. నేరం చేసిన పిల్లవాడు కాగితాల్లో ఖైదీల లెక్కలోంచి విద్యార్థుల లెక్కలోకి మారాడు. నన్నడిగితే ఈ గాథ మొత్తంలో అందరికన్నా తెలివైన పని చేసింది ఆ ఆర్డరు రాసిన గుమాస్తా. ఆయనెవరో నాకు తెలియదు, ఆయన మనసులో జాలి ఉందో, ఖర్చుల గోల ఉందో కూడా తెలియదు. ఆర్డరు మాత్రం మంచిది.

ఆ రోజుల్ని బంగారు కాలంగా చెబుతున్నానని అనుకోకండి. అదే సర్కారు అదే చేత్తో నేరస్థ తెగల చట్టం కూడా రాసింది. 1897లో సవరించినప్పుడు, ఆ తెగల పిల్లల్ని ఏ నేరం చెయ్యకపోయినా తల్లిదండ్రులనుంచి విడదీసి వేరే స్థావరాల్లో పెట్టడానికి వీలు కల్పించుకుంది. 1911 చట్టం ఆ అధికారాన్ని నిలబెట్టింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీవాళ్ళు, కావలిలో అమెరికన్ బాప్టిస్టులు ఎరుకల కుటుంబాలను కంచె లోపల ఉంచి పిల్లలకు చదువు చెప్పిన కథలు ఆ మట్టిలోంచే మొలిచాయి. చదువు పేరు చెప్పి బంధించడం, బంధించాం కాబట్టి చదువు చెప్పడం. ఈ రెంటి మధ్య గీత మన దేశంలో ఎప్పుడూ సరిగ్గా కనబడలేదు.

1919-20లో భారత జైళ్ళ కమిటీ దేశమంతా తిరిగి, పిల్లలకు వేరే కోర్టులు ఉండాలని, వాళ్ళను జైలు గడప తొక్కనివ్వకూడదని చెప్పింది. ఆ మాటకు ముందుగా చట్టం చేసిన రాష్ట్రం మద్రాసు. 1920 బాలల చట్టం మనదే. బెంగాల్ 1922లో, బొంబాయి 1924లో మన వెనక వచ్చాయి. పద్నాలుగేళ్ళ లోపువాళ్ళు పిల్లలు, పద్నాలుగునుంచి పదహారు దాకా బాల్యం దాటుతున్నవాళ్ళు అని విడదీసి, వాళ్ళకోసం సర్టిఫైడ్ స్కూళ్ళు అన్నారు. 1925లో పదహారునుంచి ఇరవై ఒకటి దాకా ఉన్న కుర్రాళ్ళకు బోర్‌స్టల్ స్కూళ్ళ చట్టం చేశారు. మరుసటి ఏడు తంజావూరులో బోర్‌స్టల్ బడి మొదలైంది.

బోర్‌స్టల్ ఇంగ్లండులో కెంట్ జిల్లాలో ఒక పల్లె. 1902లో అక్కడ మొదలైన ప్రయోగానికి ఆ పల్లె పేరే పడింది. 1930 మే నెలలో ఆ పద్ధతి తన శిఖరం చేరింది. లండన్ దగ్గరి ఫెల్తమ్‌లో ఉన్న కొందరు కుర్రాళ్ళు, తమ అధికారి వెంట, వంద మైళ్ళకు పైగా నడిచి నాటింగ్‌హామ్‌షైర్ చేరారు. సంకెళ్ళు లేవు. దారిలో పారిపోవాలనుకుంటే ఆపే గోడ లేదు. లోడమ్ గ్రేంజ్ అనే చోట గుడారాలు వేసుకుని, తాము ఉండబోయే బడిని తామే కట్టుకోవడం మొదలుపెట్టారు. చుట్టూ గోడ కట్టలేదు. నేరం చేసిన కుర్రాణ్ణి నమ్మితే ఏమవుతుందో చూద్దామని ఒక దేశం అనుకున్న రోజులవి. ఇదే బోర్‌స్టల్ తరవాత మిలిటరీ డ్రిల్లుగా, వెటకారంగా, మళ్ళీ మళ్ళీ జైలుకు వచ్చేవాళ్ళ తొలిమెట్టుగా దిగజారింది. 1982లో ఇంగ్లండు దాన్ని రద్దు చేసింది. మనం మాత్రం ఆ పేరును చాలా ఏళ్ళు బోర్డుల మీద ఉంచుకున్నాం.

1930లు ఈ గాథకు మిట్ట. అక్కణ్ణుంచి అంతా పల్లమే. ఆ పల్లం మొదట ఎవరికీ కనబడలేదు. ఎందుకంటే చట్టాలు మాత్రం మెరుగవుతూ వచ్చాయి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది, గిడుగువారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు, మా తీరం మద్రాసులోనే విశాఖ జిల్లాకు దక్కింది. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది, 1953లో ఆంధ్ర రాష్ట్రం. చెంగల్పట్టు అరవవాళ్ళకు మిగిలింది. మద్రాసు బాలల చట్టం మాత్రం ఆంధ్ర ప్రాంతంలో అలాగే నడిచింది. ఆ తరవాత మూడు దశాబ్దాల కథ త్వరగా చెప్పొచ్చు. చట్టం ఉన్న రాష్ట్రాల్లో కూడా పిల్లలు జైళ్ళలోనే కనిపించారు. బొంబాయి పాత్రికేయురాలు షీలా బర్సే జైళ్ళు తిరిగి, సుప్రీంకోర్టుకు వెళ్ళి, పిల్లలు జైళ్ళలో ఏం చేస్తున్నారని నిలదీసింది. 1986లో కోర్టు పిల్లల్ని జైల్లో పెట్టకూడదని చెప్పింది. ఆ ఏడే దాదాపు దేశమంతటికీ ఒకే బాల న్యాయ చట్టం వచ్చి, 1987 అక్టోబరు 2నుంచి అమలైంది. గాంధీ జయంతి రోజు చూసి మరీ అమలు చేశారు.

ఈ చట్టంతో సర్టిఫైడ్ స్కూళ్ళు పోయాయి, పరిశీలక గృహాలు, ప్రత్యేక గృహాలు వచ్చాయి. జనం నోట్లో మాత్రం అన్నీ కలిపి జువైనల్ హోమే. గృహాలకు సూపరింటెండెంటు ఉంటాడు, కాపలాదారు ఉంటాడు, ప్రొబేషన్ అధికారి ఉంటాడు, కౌన్సెలర్ ఉంటాడు. బాగోగులు చూసే బాధ్యత సంక్షేమ శాఖల గొడుగు కిందికి చేరింది. విద్యాశాఖ? ఆ గుమాస్తా ఆర్డరు ఏ బీరువాలో పడిందో పడింది. నేరం చేసిన కుర్రాడు విద్యార్థుల లెక్కలోంచి లబ్ధిదారుల లెక్కలోకి మారాడు. జైలుకన్నా ఇది మేలే. బడి కన్నా మేలు కాదు.

2000లో వచ్చిన చట్టం వయసును మగపిల్లలకు కూడా పద్దెనిమిదికి పెంచింది. అప్పటిదాకా మగపిల్లలకు పదహారే. పెంచడం న్యాయం. కానీ దాంతో ఈ గడప తొక్కేవాళ్ళ రూపు మారింది. ఇటీవలి జాతీయ నేర గణాంకాలు తీసి చూస్తే, పట్టుబడిన మైనర్లలో దాదాపు నాలుగింట మూడొంతులు పదహారు పద్దెనిమిది మధ్యవాళ్ళే. పదో తరగతి తప్పినవాళ్ళు, ఇంటర్లో చేరి మానేసినవాళ్ళు, ఎనిమిదిలోనే పనికి వెళ్ళినవాళ్ళు. 2010 ఏప్రిల్ 1నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆరునుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకు. అంటే చదువు హక్కుగా అడగగలిగిన వయసులో పిల్లలు అక్కడికి పెద్దగా రారు. వచ్చే వయసుకు హక్కు గడువు దాటిపోయి ఉంటుంది. ఒక చట్టం బాల్యాన్ని పద్దెనిమిది దాకా పొడిగించింది, ఇంకొకటి బడిని పద్నాలుగు దగ్గరే ఆపింది. ఆ నాలుగేళ్ళ సందులో పడ్డ కుర్రాళ్ళే ఈ గృహాల జనాభా.

మా ప్రాంతమైన ఉద్దానంనుంచి అలాంటివాణ్ణి ఒకణ్ణి అనుకుందాం. అనుకోవడమే, ఎందుకంటే నిజమైనవాడి ఆనవాలు బయటపెట్టడానికి 2015 నాటి కొత్త బాల న్యాయ చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం మంచిది కూడా. వాడికి పదహారు. తండ్రి గుజరాత్‌లోని వెరావల్లో చేపల బోటెక్కి ఉన్నాడు, లేదా కిడ్నీలు పాడై పలాసలో డయాలసిస్‌కు తిరుగుతున్నాడు. తల్లి కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టి పప్పు తీస్తుంది. జీడి రసానికి వేళ్ళు కాలి నల్లబడి ఉంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ ఒక్క పూటలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అన్నేళ్ళలో ఇక్కడి పిల్లలు బడి మానేసే వయసుకు వచ్చేశారు. ఆ వయసులో ఒక బైకు దొంగతనం, ఒక గంజాయి మూట. ఒడిశా కొండలు దగ్గర, హైవే పక్కనే, మూట మోసిపెడితే చేతిలో డబ్బు పెట్టేవాడు ఎప్పుడూ ఉంటాడు.

వాడు జువైనల్ బోర్డు ముందుకు వెళ్తాడు. మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్ళలో ఒకరు స్త్రీ. చట్టం ఇక్కడ చాలా మెత్తనిది. పూచీకత్తు ఉన్నా లేకపోయినా బెయిలివ్వడమే నియమం, ఇవ్వకపోవడం మినహాయింపు అంటుంది. కానీ ఎవరి చేతికి అప్పగించాలి? తండ్రి గుజరాత్‌లో. తల్లి ఆ రోజు పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆధార్ కార్డు తీసుకుని, ఊళ్ళో పెద్దమనిషిని బతిమాలి వెంటబెట్టుకుని రావాలి. ఆవిడ రావడం ఆలస్యమైతే కుర్రాడు విశాఖ పరిశీలక గృహానికి వెళ్తాడు. రైల్లో మూడు నాలుగు గంటల దారి. చేసిన నేరం ఒకటే అయినా, రాగలిగిన నాన్న ఉన్నవాడు ఇంటికి, లేనివాడు హోముకు. ఏ చట్టంలోనూ రాయని వడపోత ఇది.

అక్కడ ఎంతకాలం ఉంటాడు? చిన్న నేరమైతే విచారణ నాలుగు నెలల్లో పూర్తికావాలి, మహా అయితే ఇంకో రెండు నెలలు. దాటితే కేసు మూసేయాలి. ఇదీ పిల్లల మేలుకోసం పెట్టినదే. ఏడేళ్ళ గోడలతో పోలిస్తే స్వర్గం. కానీ బడి లెక్కలో చూడండి. నవంబరులో వెళ్ళినవాడు మార్చిలో వస్తాడు. అంటే సిలబస్ పూర్తయ్యే నెలలు, రివిజన్ నెలలు, పదో తరగతి పబ్లిక్ పరీక్షకు దగ్గరపడ్డ నెలలు అన్నీ లోపలే పోయాయి. బయట బళ్ళో హాజరు పట్టీలో వాడి పేరు ఎదురుగా ఆబ్సెంట్లు వరసగా పడుతూ ఉంటాయి. లోపల తరగతి గది ఉంటే ఉంటుంది. అందులో పన్నెండేళ్ళవాడు, పదిహేడేళ్ళవాడు పక్కపక్కన కూర్చుంటారు. ఒకడికి గుణింతం రాదు, ఇంకొకడు ఇంటర్ ఎంపీసీ. ఈ వారం ఉన్నవాడు వచ్చే వారం ఉండడు. అలాంటి గదికి పాఠం రాయడం మామూలు బళ్ళో పాఠం చెప్పడంకన్నా పదింతలు కష్టం. అందుకు తగ్గ శిక్షణ ఉన్న పంతులు కావాలి, ఆ పంతులు జీతం రాళ్ళు ప్రతి నెలా పడాలి, ఆ పంతుల్ని తనిఖీ చేసేవాళ్ళకు పాఠం అంటే ఏమిటో తెలియాలి. కాపలావాళ్ళను తనిఖీ చేసే కళ్ళతో పంతుల్ని చూస్తే, అందరూ క్షేమంగా ఉన్నారా, ఎవడూ గోడ దూకలేదా అన్నంతవరకే చూస్తారు.

ఇదంతా చేతకాని పని అనడానికి వీల్లేదు. నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా ఎం.వి. ఫౌండేషన్ ద్వారా 1990లనుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బ్రిడ్జి క్యాంపులు నడిపి, పశువులు కాసే పిల్లల్ని, పత్తి చేలల్లో పనిచేసే పిల్లల్ని నెలల వ్యవధిలో వాళ్ళ వయసుకు తగ్గ తరగతిలోకి చేర్చి చూపించింది. ఆవిడకు 2003లో మెగసెసె వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలైంది. చదువు మధ్యలో తెగిన పెద్ద పిల్లవాడికి తక్కువ వ్యవధిలో పాఠం చెప్పడం ఎలాగో తెలుగు నేలమీద ఎవరికీ తెలియని విద్య కాదు. నాలుగు నెలలు ఒకే చోట ఉండే పిల్లవాడు బ్రిడ్జి క్యాంపు పంతులుకు వరమే.

ప్రపంచం కూడా చాలాముందే చెప్పింది. 1990 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన హవానా నియమాలు, బంధించిన పిల్లలకు చదువు వీలైనంతవరకు గోడ బయటి మామూలు బడిలోనే చెప్పమంటాయి. ఏదెలా ఉన్నా అర్హత ఉన్న పంతులే చెప్పాలంటాయి. అక్కడ సంపాదించిన సర్టిఫికెట్టు మీద ఈ పిల్లవాడు ఎక్కడున్నాడో తెలిపే గుర్తు ఏదీ ఉండకూడదంటాయి. మన 2015 చట్టం కూడా కొత్త జీవితం మొదలుపెట్టే హక్కును సూత్రాల్లో చేర్చింది, చదువును గృహం ఇవ్వాల్సిన సేవల్లో చేర్చింది, పాత రికార్డులను తుడిచేయమంది. చదవడానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. దేవునల్తాడలోనో అక్కుపల్లిలోనో మాత్రం సర్టిఫికెట్టు అక్కర్లేదు. ఫలానావాడి గుంటడు ఎక్కడికి వెళ్ళొచ్చాడో ఊరందరికీ తెలుసు. అలాంటి ఊళ్ళో తలెత్తుకోవడానికి ఆ కుర్రాడికి పనికొచ్చేది ఒక్కటే. పదో తరగతి పాసైన కాగితం.

ఆ 2015 చట్టం ఇంకో పని కూడా చేసింది. 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరం తరవాత దేశం రగిలిపోయింది, రగలడంలో తప్పులేదు. ఆ వేడిలో చట్టం మారి, ఘోర నేరాల్లో పదహారు దాటినవాళ్ళను పెద్దవాళ్ళలాగే విచారించే దారి తెరిచింది. 2000లో మూసిన తలుపు అది. టీవీల్లో నెలల తరబడి జరిగిన చర్చంతా ఎన్నేళ్ళు లోపల ఉంచాలన్నదాని మీదే. లోపల ఏం చెప్పాలన్నదాని మీద ఒక్క సాయంత్రం చర్చ జరిగినట్టు నాకు గుర్తులేదు.

చెంగల్పట్టుకు మళ్ళీ రావాలి. 2022 డిసెంబరు చివరి వారంలో, తాంబరం ప్రాంతంలో రైల్వే బ్యాటరీల దొంగతనం కేసులో ఒక పదిహేడేళ్ళ కుర్రాణ్ణి పట్టుకుని చెంగల్పట్టు హోముకు పంపారు. డిసెంబరు 31న వాడు చనిపోయాడు. మొదట అనారోగ్యం అన్నారు. శవపరీక్షలో దెబ్బలు బయటపడ్డాయి. సూపరింటెండెంటుతో సహా ఆరుగురు సిబ్బంది అరెస్టయ్యారు. 1887లో, పిల్లల్ని కొట్టడం మాని చదువు చెబుదామని బడి తెరిచిన ఊరది. తమిళనాడు ప్రభుత్వం మాజీ న్యాయమూర్తి కె. చంద్రును హోముల పరిస్థితి చూడమని నియమించింది. 2023 నవంబరులో ఆయన నివేదిక ఇచ్చారు. ఆ తల్లి మాత్రం నూతన సంవత్సరం రోజుకు కొడుకు లేనిదైంది.

మన వైపు కథ చావు దాకా పోకపోయినా, 2025 జనవరిలో విశాఖ విశాలాక్షినగర్‌లోని బాలికల హోములో ఆడపిల్లలు గోడెక్కి, రోడ్డు మీదికొచ్చి అరిచారు. తమకు మత్తు మాత్రలు ఇస్తున్నారని, వేధిస్తున్నారని ఆరోపించారు. విచారణకు ఆదేశాలు వచ్చాయి. ఆరోపణల్లో ఏది నిజమో తేల్చాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. నాకు కలుక్కుమన్నది ఇంకోటి. టీవీ గొట్టాలు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో ఒక్కరైనా, అమ్మా నువ్వు ఏ తరగతి, పరీక్షలు ఎప్పుడు అని అడిగినట్టు నేను చూడలేదు. జనవరి నెల అది. బయట ఆ వయసు పిల్లలు నైటు స్టడీ అవర్లలో ఉంటారు.

ఆ పాత ఆర్డరును ఇవాళ ఎవరైనా తిరిగి రాయాలనుకుంటే పార్లమెంటు అక్కర్లేదు. చట్టం మార్చక్కర్లేదు. పిల్లల సంరక్షణ సంక్షేమ శాఖ దగ్గరే ఉండనిచ్చి, హోములో తరగతి గదిని, పంతుల్ని, పరీక్ష ఫీజును, హాజరు పట్టీని విద్యాశాఖకు అప్పగిస్తూ ఒక జీవో చాలు. ఆ గది ఒక ప్రభుత్వ హైస్కూలుకు అనుబంధమవుతుంది. కుర్రాడి పేరు ఊరి బడి రిజిస్టరులోంచి కొట్టేయకుండా అక్కడికి మారుతుంది, విడుదల రోజున తిరిగి వస్తుంది. మండల విద్యాధికారి వెళ్ళి చూస్తాడు. డీఎస్సీలో ఎంపికైన పంతులు అక్కడ మూడేళ్ళు పనిచేస్తే కోరుకున్న చోటికి బదిలీ ఇస్తామంటే వెళ్ళేవాళ్ళుంటారు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టడానికి ప్రతి ఏడూ ఫీజు గడువు ఉంటుంది. ఆ గడువు ఎప్పుడో హోములో ఉన్నవాడికి చెప్పడం ఒకరి ఉద్యోగం కావాలి.

ప్రస్తుతానికి అది ఎవరి ఉద్యోగమూ కాదు. మన పదహారేళ్ళవాడు మార్చి చివర్లో పలాస స్టేషన్లో దిగుతాడు. ఏప్రిల్లో ఖాళీగా తిరుగుతాడు. ఏప్రిల్ మధ్యనుంచి జూన్ మధ్యదాకా మన తీరంలో వేట నిషేధం, బోటు పని కూడా ఉండదు. జూన్‌లో బళ్ళు తెరిచే వేళకు పెద్దనాన్న కొడుకు ఫోను చేస్తాడు, ఆగస్టులో వెరావల్ బోట్లు కదులుతాయి, బోటు నడిపే తాండేలుకు మనిషి కావాలి, అడ్వాన్సు ఇస్తారు అని.